ఆంగ్లేయుల ఇంటి మాటలు

మన పాఠశాలలలో ఆంగ్లము నేర్చినవారికి ఆ భాష ఒక్కటే యనియు, పుస్తకములలో నున్న రూపముననే అది ఇంగ్లండు దేశమంతటను వ్యవహారములో నున్నదనియు తోచుట సహజము. కాని ఆ దేశమున ఊరు మారినకొలది మాట మారును. చేతిలో ఇమిడెడు చిన్న గుండ్రని రొట్టెనే చూతము. నాటింగ్‌హాం ప్రాంతమున దానిని ‘కాబ్’ అందురు. కవెంట్రీలో అది ‘బ్యాచ్’. మాంచెస్టరు వైపున ‘బార్మ్’ అని అడుగవలెను. బార్మ్ అనగా బీరు పులియునపుడు పైకి తేలెడు నురుగు. పూర్వము రొట్టెపిండిని పొంగించుటకు ఆ నురుగునే కలిపెడివారు. ఆ అలవాటు పోయినను పేరు మాత్రము నిలిచినది.

ఈ భేదములు నేటివి కావు. 1476లో ఇంగ్లండున మొదటి అచ్చుయంత్రమును నెలకొల్పిన విలియం కాక్‌స్టన్ 1490లో తాను ప్రచురించిన ఒక గ్రంథపు పీఠికలో ముచ్చటయైన కథ నొకదానిని చెప్పెను. థేమ్సు నదిలో ఓడనెక్కి జీలండుకు పోవలసిన వర్తకులు కొందరు గాలి లేక తీరమున ఆగిపోయిరి. వారిలో నొకడు గట్టెక్కి, ఒక ఇంటి ఇల్లాలిని భోజనమడిగెను. ముఖ్యముగా గ్రుడ్లు కావలెనని ‘ఎగ్స్’ అనెను. ఆమె తనకు ఫ్రెంచి భాష రాదని బదులిచ్చెను! వర్తకునకు కోపము వచ్చెను. ఫ్రెంచి అతనికిని రాదు గదా. తుదకు తోడివాడొకడు ‘ఐరెన్’ కావలెనని చెప్పగా ఆమెకు విషయము బోధపడెను. రెండు మాటలకును అర్థము గ్రుడ్లే. ఈ రెండింటిలో దేనిని అచ్చువేయవలెనను చిక్కు కాక్‌స్టనునకు కలిగినది.

మాకు ఇందులో వింతగా తోచునది వేరొకటి. ‘ఐరెన్’ ఆ దేశపు ప్రాచీనమైన సొంత మాట. ‘ఎగ్’ పైనుండి వచ్చినది. నేడు ప్రపంచమంతటను నిలిచినది ఆ వచ్చిన మాటయే. ఇంటి మాట మాయమైనది.

అది ఎట్లు వచ్చినదన, 865 మొదలుకొని డేనులు పెద్ద సేనతో ఇంగ్లండుపై బడి, ఉత్తర, తూర్పు భాగములను ఆక్రమించిరి. 878లో ఆల్‌ఫ్రెడ్ రాజు వారిని ఓడించెనే గాని దేశమునుండి వెళ్ళగొట్టలేదు. యుద్ధములు ముగిసిన పిదప వారు భూములు దున్నుకొనుచు, అచటివారితో వియ్యమందుచు నిలిచిపోయిరి. కావుననే వారి భాషనుండి పొలమునకు, వంటింటికి సంబంధించిన మాటలు అంతగా పాతుకొన్నవి. యార్కుషైరున చిన్న వాగును ‘బెక్’ అనుటయు, పిల్లలు ఆడుకొనుటను ‘లేక్’ అనుటయు నాటి శేషములే. యార్కు నగరమున స్టోన్‌గేట్, కాపర్‌గేట్ అను వీధులు కలవు. అచట గేటు ఏదియని వెదకి ప్రయోజనము లేదు. ఆ వలసదారుల భాషలో ఆ మాటకు వీధి యని అర్థము. కోటగోడకు గల నిజమైన ద్వారములను ఆ ఊరివారు ‘బార్’ అందురు.

స్థలము మారినపుడు మాటకు అర్థము మారుట మన తెలుగు మాటకును తప్పలేదు. మన పందికొక్కు ‘బాండికూట్’ అను పేర ఆంగ్లమున చేరి, ఆస్ట్రేలియాకు పోవునప్పటికి, కంగారువలె పొట్టసంచిలో పిల్లలను పెంచెడు వేరొక జంతువునకు పేరైనది.

ప్రాంతీయపు మాటలను చదువుకొన్నవారు చాల కాలము మోటువని త్రోసివేసిరి. బడిలో పిల్లవాడు ఇంటి మాట పలికినచో అది తప్పని దిద్దిరి. అట్టి మాటలను పోగుచేయుటకై 1873లో ఒక మాండలిక సంఘము ఏర్పడినది. ఆ సామగ్రిని నిఘంటువుగా కూర్చు భారము జోసెఫ్ రైట్‌పై బడెను. ఆయన 1855లో యార్కుషైరునందు బీదయింట జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున రాతిగనిలో గాడిదబండి వెంట నడచెను. తరువాత మిల్లులో కూలికి కుదిరెను. పదునైదేండ్ల వయస్సు వచ్చువరకు ఆయనకు చదువ రాదు. ఆ పిమ్మట పట్టుదలతో చదివి, జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో పట్టము పొంది, 1901లో ఆక్స్‌ఫర్డున తులనాత్మక భాషాశాస్త్రాచార్యుడయ్యెను. ఋగ్వేదమును అచ్చువేయించిన మాక్స్‌ముల్లరు అలంకరించిన పీఠము అదియే. రైట్ నిఘంటువు 1898 నుండి 1905 వరకు ఆరు సంపుటములుగా వెలువడెను. ఆయన పాండిత్యము ఎంతటిదైనను, అంతకు మించిన అర్హత మరొకటి ఆయనకు కలదని మా అభిప్రాయము: ఆ మాటలు ఆయన తల్లి నోట విన్నవి.

నిఘంటువు మాటను చెప్పునేగాని, ఆ మాట ఏ ఊరితో ఆగిపోవుచున్నదో చక్కగా చూపలేదు. అందులకు లీడ్సు విశ్వవిద్యాలయాచార్యుడు హెరాల్డ్ ఆర్టన్, జూరిక్ పండితుడు యూజెన్ డీత్ పూనుకొనిరి. 1950 నుండి 1961 వరకు 313 చోట్ల 1,300కు పైగా ప్రశ్నలు అడిగించిరి. అడిగెడువాడు తాను మాటను పలుకరాదు. వస్తువును చూపి గాని, వర్ణించి గాని, మీరేమందురని ప్రశ్నింపవలెను. పంది ఈనిన పిల్లలలో అన్నిటికంటె బక్కదానిని పుస్తకభాషలో ‘రంట్’ అందురు. యార్కుషైరు వైపున దానికి ‘రెక్లింగ్’ అనియు, పశ్చిమ సీమలలో ‘నిస్గల్’ అనియు జవాబు వచ్చెను. ఊరు విడిచి ఎరుగని వృద్ధులనే, అందును పండ్లు, చెవులు బాగుగా నున్నవారినే ఎన్నుకొనిరి. వారిలో అత్యధికులు పురుషులు. వంటింటి మాటల విషయమున ఇది కొరతయే. వారి సేకరణ అచ్చగుట మొదలైన 1962లోనే మన భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయపదముల సంపుటము, వెలువడుట మనకు గర్వకారణము.

బడిపంతుళ్ళ బెత్తమునకు చిక్కని మాటలును కలవు. ఆట నడుమ అలసిన పిల్లవాడు తన్నెవరును పట్టరాదని పలికెడు మాట అట్టిది. మన పిల్లల ‘తూచ్’కు చుట్టమువంటిది. లండనులో ‘ఫేనైట్స్’, స్కాట్లండున ‘బార్లీ’, డరంలో ‘స్కించ్’. ఓపీ దంపతులు 1959లో ప్రకటించిన గ్రంథమున ఇవి అన్నియు ఎక్కినవి. వీనిని పెద్దలు నేర్పలేదు; పిల్లలనుండి పిల్లలకే సంక్రమించినవి.

ఇట్టి మాటలు నశించుటకు రేడియో కారణమని నిందించువారు కలరు. బి.బి.సి. తొలిదినములలో వార్తలు చదువువారి ఉచ్చారణ అంతయు ఒక మూసలోనిదే యనుట నిజము. 1941లో యార్కుషైరువాడైన విల్‌ఫ్రెడ్ పికిల్స్ వార్తలు చదివి, ఉత్తరదేశపు యాసలో ‘గుడ్ నీట్’ అని సెలవు తీసికొనగా శ్రోతలు పలువురు నిరసించిరి. అయినను వినినంతమాత్రమున ఎవరును తమ పలుకు మార్చుకొనరని, ఊరు విడిచి పరులతో కలసి బ్రతుకునపుడే మాట మారునని భాషావేత్తలలో పలువురు చెప్పుదురు. మాకును అదియే సమంజసమని తోచుచున్నది.

2016లో కేంబ్రిడ్జి పండితులు చేతిఫోనులద్వారా 30,000 మందికి పైగా ప్రజలను ప్రశ్నించి, ఆ సమాధానములను ఆర్టన్ సేకరణతో పోల్చిచూచిరి. శరదృతువును ‘బ్యాకెండ్’ అనువారు చాల తగ్గిపోయిరి. వ్రేలిలో గ్రుచ్చుకొన్న కట్టెపేడునకు ఒకప్పుడు సీమకొక్క పేరుండగా, ఇప్పుడు దాదాపు ఎల్లెడల పుస్తకములోని ‘స్ప్లింటర్’ వినబడుచున్నది. ఈశాన్యమున న్యూకాసిల్ పరిసరములవారు మాత్రము నేటికిని ‘స్పెల్క్’ అనుచునే యున్నారు.