వైద్య విద్యకు సన్నాహం.. తొమ్మిదో తరగతి నుంచే
స్థానికత, ధ్రువపత్రాలపై ముందుచూపు అవసరం

నరసరావుపేట: మే నెలలో మూడు గంటలపాటు రాసే పరీక్షే ఎంబీబీఎస్ సీటును నిర్ణయిస్తుందన్న అభిప్రాయం పల్నాటి తల్లిదండ్రుల్లో బలంగా ఉంది. ర్యాంకు వచ్చాక చూసుకోవచ్చులెమ్మని ధ్రువపత్రాల సంగతి పక్కనబెట్టేవారే ఎక్కువ. తీరా కౌన్సెలింగ్ ప్రకటన వెలువడ్డాక పాఠశాలకూ, తహసీల్దారు కార్యాలయానికీ పరుగులు తప్పడం లేదు. దరఖాస్తుకు గడువు కొద్దిరోజులే ఉంటుంది. ఒక్క పత్రం కొరవడినా మంచి ర్యాంకు వృథా అయ్యే ప్రమాదముంది. అందువల్ల సన్నాహాలు ఇంటర్‌లో కాక తొమ్మిదో తరగతిలోనే ప్రారంభం కావాలి.

స్థానికతే కీలకం

రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకే దక్కుతాయి. మిగిలిన 15 శాతం అన్ రిజర్వుడు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉమ్మడి గుంటూరు జిల్లా ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాదీ అదే ప్రాంతం. ఇంటర్ ద్వితీయ సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఈ ప్రాంతంలో చదివినవారు ఇక్కడ స్థానికులు. గుంటూరు, విజయవాడ, విశాఖ కళాశాలల్లో చేరినా స్థానికతకు ఇబ్బంది లేదు. నెల్లూరు, తిరుపతి మాత్రం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వస్తాయి. పదో తరగతి వరకు పల్నాడులో, ఇంటర్ అక్కడ చదివినవారికి ఏడేళ్ల చదువును లెక్కిస్తారు. ఎక్కువ కాలం చదివిన ప్రాంతమే వారి స్థానిక ప్రాంతం. ఇందుకు ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు తప్పనిసరి.

కృష్ణా నది దాటితే తెలంగాణ కావడంతో మాచర్ల, గురజాల, దాచేపల్లి ప్రాంతాల వారు మరింత జాగ్రత్త వహించాలి. పది వరకు ఇక్కడ చదివి ఇంటర్‌కు హైదరాబాద్ వెళ్తే తెలంగాణలో నాలుగేళ్ల నిబంధన నెరవేరదు. ఆ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. ఇటు ఆంధ్రప్రదేశ్‌లోనూ నాలుగేళ్ల లెక్క తెగిపోతుంది. పొరుగు రాష్ట్రంలో చదివిన కాలాన్ని ఎలా పరిగణిస్తారో ఆ ఏటి ప్రవేశ నిబంధనల్లో చూసుకున్న తర్వాతే ఫీజు కట్టడం మేలు.

పరీక్ష తీరు

మన రాష్ట్రంలో 2016 వరకు ఎంసెట్ ద్వారా, 2017 నుంచి నీట్ ద్వారా ఎంబీబీఎస్ ప్రవేశాలు జరుగుతున్నాయి. 2025లో 180 ప్రశ్నలకు 720 మార్కులతో పరీక్ష నిర్వహించారు. అందులో 90 ప్రశ్నలు జీవశాస్త్రానివే. సరైన జవాబుకు 4 మార్కులు ఇస్తారు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత విధిస్తారు. తెలుగులోనూ రాయవచ్చు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. గరిష్ఠ వయోపరిమితి లేదు. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి జనరల్ అభ్యర్థులకు 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం మార్కులు రావాలి. నీట్ మోజులో ఇంటర్ పరీక్షలను నిర్లక్ష్యం చేయరాదు.

అర్హత వేరు, సీటు వేరు అని గ్రహించాలి. 2025లో జనరల్ అభ్యర్థులకు అర్హత మార్కు 144. ఆ మార్కుతో కౌన్సెలింగ్‌లో పాల్గొనే హక్కు మాత్రమే లభిస్తుంది.

సిద్ధం చేసుకోవాల్సిన పత్రాలు

పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ దగ్గర ఉంచుకోవాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం తరచూ చిక్కులు తెస్తుంది. పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్నట్లే ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ ముందే సరిచేయించుకోవాలి.

బీసీ విద్యార్థులు మరో విషయం గమనించాలి. రాష్ట్ర కోటాకు ఇచ్చే కుల ధ్రువపత్రం అఖిల భారత కోటాకు చెల్లదు. కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండి, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం పొందితేనే అక్కడ రిజర్వేషన్ వర్తిస్తుంది. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరం ప్రాతిపదికన చెల్లుతుంది కనుక ఏప్రిల్‌లో కొత్తది తీసుకోవాలి.

రెండుచోట్ల దరఖాస్తు

ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు వెళ్తాయి. వీటిని ఢిల్లీలోని వైద్య కౌన్సెలింగ్ కమిటీ భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటాను విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. నీట్ రాసినంత మాత్రాన ఏ జాబితాలోనూ పేరు చేరదు. రెండుచోట్లా విడివిడిగా దరఖాస్తు చేయాలి. మంగళగిరి ఎయిమ్స్ చేరువలోనే ఉన్నా అక్కడ రాష్ట్ర కోటా లేదు. 1946లో ఏర్పడిన గుంటూరు వైద్య కళాశాలలో 250 సీట్లు ఉన్నాయి. ప్రైవేటు కళాశాలల్లో సగం సీట్లు కన్వీనర్ కోటాకు, 35 శాతం యాజమాన్య కోటాకు, 15 శాతం ప్రవాస భారతీయ కోటాకు కేటాయిస్తారు. పిడుగురాళ్లకు మంజూరైన ప్రభుత్వ కళాశాల పేరు ఆ ఏటి సీట్ల జాబితాలో కనిపిస్తేనే లెక్కలోకి తీసుకోవాలి. వెబ్ ఆప్షన్లలో నిజంగా ఇష్టపడే కళాశాలనే ముందు పెట్టాలి. ఆ వరుస క్రమంలోనే సీటు కేటాయింపు జరుగుతుంది.

విదేశాలకు వెళ్లాలంటే

విదేశీ వైద్య విద్యకూ నీట్ అర్హత తప్పనిసరి. 2021 నిబంధనల మేరకు కోర్సు కనీసం 54 నెలలు ఆంగ్ల మాధ్యమంలో సాగాలి. అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. స్వదేశానికి వచ్చాక అర్హత పరీక్షలో నెగ్గి మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఈ షరతులకు సరిపోని కోర్సులో చేరితే పొలం అమ్మి కట్టిన ఫీజు కూడా పట్టా విలువ తేలేదు.

ఏ నెలలో ఏం చేయాలి?

* తొమ్మిదో తరగతి: ఇంటర్ ఎక్కడ చదివించాలన్న నిర్ణయం, పేర్ల సవరణ.
* ఇంటర్ ప్రథమ సంవత్సరం: ఆరు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్ల సేకరణ.
* ద్వితీయ సంవత్సరం ఫిబ్రవరి, మార్చి: నీట్ దరఖాస్తు. 2025లో ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 వరకు స్వీకరించారు.
* ఏప్రిల్: కొత్త ఆర్థిక సంవత్సరపు ధ్రువపత్రాలు.
* మే: పరీక్ష. 2023, 2024, 2025ల్లో నెల మొదటి ఆదివారమే జరిగింది.
* ఫలితాల అనంతరం: రెండు కౌన్సెలింగ్‌ల ప్రకటనలను ప్రతిరోజూ పరిశీలించడం.

చదువు భారం విద్యార్థిది. పత్రాల భారం పెద్దలు మోస్తే పరీక్ష ముందు ఆ పిల్లలకు మనశ్శాంతి దక్కుతుంది.