పెద్దల పంతం.. కూలీల పస్తు
అమెరికా రుణ పరిమితి గొడవల చరిత్ర క్యాంపు మనిషికి ఏం చెబుతోంది?

డ్యూటీ దిగి, స్నానం చేసి, మెస్‌లో పళ్లెం ముందు కూర్చున్నాక టీవీలో వార్తలు చూడటం మనలో చాలామందికి అలవాటు. 2011లో, 2013లో, మళ్లీ 2023లో ఆ టీవీలో ఒకేరకం వార్త వచ్చింది. అమెరికా ఖజానా ఖాళీ కావస్తోందట. ఫలానా తేదీలోగా అక్కడి పార్లమెంటు ఒప్పుకోకపోతే అప్పులు కట్టలేక చేతులెత్తేస్తుందట. వినేవాళ్లకు నవ్వొస్తుంది. డాలరు అచ్చువేసుకునే దేశానికి బాకీ తీర్చే దారి లేకపోవడమేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది. దానికంటే మనకు ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. పెద్దలు పంతానికి పోయినప్పుడు ఎవరి పొయ్యి ఆరుతుంది? ఈ వారం ఆ రెండూ చూద్దాం.

యుద్ధం కోసం పుట్టిన హద్దు

మొదట్లో అమెరికా ప్రభుత్వం అప్పు చేయాలంటే ప్రతి అప్పుకూ విడివిడిగా కాంగ్రెస్ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. అక్కడి పార్లమెంటునే కాంగ్రెస్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఖర్చు ముంచుకొచ్చింది. ప్రతిసారీ సభ చుట్టూ తిరిగే తీరిక లేదు. అందుకే 1917లో చేసిన లిబర్టీ బాండ్ల చట్టంలో, ఇంతవరకు మీరే అప్పు తెచ్చుకోండి అని ఖజానాకు కొంత స్వేచ్ఛ ఇచ్చి, పైన ఒక హద్దు గీశారు. 1939లో అన్నిరకాల అప్పులకూ కలిపి 4,500 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. అంటే పని సులువు చేయడానికి పెట్టిన ఏర్పాటు ఇది. మెడ పట్టుకోవడానికి పెట్టింది కాదు.

ఇందులో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఊళ్లో కిరాణా కొట్టులో మన ఇంటి పేరు మీద ఖాతా ఉంటుంది. బియ్యం, నూనె, పప్పు తెచ్చుకున్నాం, వండుకు తిన్నాం. నెలాఖరుకు బాకీ కట్టే రోజొచ్చింది. అప్పుడు ఇంటి పెద్ద, బాకీ కట్టడానికి చేబదులు తెచ్చేది లేదని భీష్మించుకుంటే ఎలా ఉంటుంది? రుణ పరిమితి గొడవ అలాంటిదే. ఖర్చుకు ఒప్పుకున్నదీ ఆ సభే, పన్నులు ఇంతే వేయాలన్నదీ ఆ సభే. తగ్గిన డబ్బుకు అప్పు తేవడానికి అడ్డం చెప్పేదీ ఆ సభే. ఖర్చు తగ్గించాలంటే సరుకు తెచ్చే ముందు మాట్లాడుకోవాలి, తిన్నాక కాదు.

1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పరిమితి పెంచమంటే సెనేట్ ఒప్పుకోలేదు. ఆయన ప్రభుత్వం ఖర్చులు వాయిదా వేసుకుంటూ కొంతకాలం నెట్టుకొచ్చింది. 1960 తర్వాత ఈ పరిమితిని పెంచడమో, సవరించడమో, తాత్కాలికంగా పక్కన పెట్టడమో 75 సార్లకు పైగా జరిగింది. రెండు పార్టీల అధ్యక్షుల కాలంలోనూ జరిగింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అడ్డుకోవడం, అధికారంలో ఉన్నప్పుడు పెంచమనడం రెండు పార్టీలకూ అలవాటే.

1979లో ఆలస్యం ఎవరికి?

అమెరికా ఎప్పుడూ బాకీ ఎగ్గొట్టలేదంటారు. 1979 వసంతంలో మాత్రం ఒకసారి తడబడింది. సభ చివరి నిమిషం దాకా లాగి పరిమితి పెంచింది. ఆ హడావుడికి తోడు ఖజానా కార్యాలయంలో యంత్రాలు మొరాయించాయి. దాదాపు 12.2 కోట్ల డాలర్ల విలువైన బిల్లులకు గడువు తేదీన డబ్బు అందలేదు. ఆ డబ్బు ఎవరిదో తెలుసా? పెద్ద బ్యాంకులది కాదు. తమ పొదుపును సర్కారు దగ్గర దాచుకున్న చిన్న మదుపరులది. తర్వాత డబ్బు వచ్చింది కానీ, ఆలస్యం మాత్రం వాళ్ల వాటాకే వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఇదే వరస ముందు ముందు మళ్లీ కనిపిస్తుంది.

2011: గడువు రోజున సంతకం

2011లో పరిమితి 14.3 లక్షల కోట్ల డాలర్ల దగ్గర ఉంది. ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు మెజారిటీ. అధ్యక్షుడు ఒబామా డెమొక్రాట్. ఖర్చులు కోస్తేనే పరిమితి పెంచుతామని రిపబ్లికన్లు పట్టుబట్టారు. ఆగస్టు 2 గడువని ఖజానా ప్రకటించింది. సభ కదలకపోతే ఆగస్టు 3న వృద్ధుల పెన్షన్ చెక్కులు పోతాయని హామీ ఇవ్వలేనని జులైలో ఒబామా టీవీలో చెప్పారు. ఆ పెన్షన్ల మీద బతికేవాళ్లు 5 కోట్ల మందికి పైనే. మందులకు, అద్దెకు అదే ఆధారమైన ముసలివాళ్లు ఆ మూడు వారాలు ఎలా గడిపి ఉంటారో, ఇంటి నుంచి డబ్బు అందలేదని ఫోన్ వచ్చిన రోజు మనకెలా ఉంటుందో తలచుకుంటే తెలుస్తుంది.

సరిగ్గా ఆగస్టు 2నే చట్టం మీద సంతకమైంది. అయినా మూడు రోజులకే స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అమెరికా పరపతి రేటింగును ఒక మెట్టు దించింది. ఆ గొడవ వల్ల ఒక్క 2011 ఆర్థిక సంవత్సరంలోనే సుమారు 130 కోట్ల డాలర్ల అదనపు వడ్డీ భారం పడిందని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తేల్చింది. ఖర్చు తగ్గించాలని మొదలుపెట్టిన గొడవ కొత్త ఖర్చు తెచ్చిపెట్టింది.

ఆ ఒప్పందంలోనే ఒక షరతు ఉంది. రెండు పార్టీలూ కలిసి కోతల జాబితా తయారుచేయలేకపోతే, కత్తి తనంతట తానే పడుతుంది. వాళ్లు కలవలేదు. 2013 మార్చి 1న కత్తి పడింది.

విమానాశ్రయంలో వారం.. బడిలో ఏడాది

ఆ కోత ఎవరి మీద ఎలా పడిందో, ఎవరి బాధ ఎంత త్వరగా తీరిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్లకు ఏప్రిల్ 21 నుంచి జీతం లేని సెలవులు మొదలయ్యాయి. విమానాలు గంటల తరబడి ఆగాయి. వ్యాపారులు, అధికారులు, సభ్యులు కూడా ఎయిర్‌పోర్టుల్లో ఇరుక్కున్నారు. వారం తిరక్కముందే సెనేటు, ప్రతినిధుల సభ రెండూ చట్టం చేసి, 25.3 కోట్ల డాలర్ల వరకు అటు మళ్లించుకునే వీలు కల్పించి, ఆ సెలవులు రద్దు చేయించాయి.

అదే కోతలో పేదపిల్లల కోసం నడిచే హెడ్ స్టార్ట్ బడుల్లో దాదాపు 57 వేల మంది పిల్లలకు చోటు పోయింది. బిడ్డను అక్కడ వదిలి పనికి పోయే తల్లికి, బడి లేకపోతే పనీ లేదు. చాలాకాలంగా పని దొరకనివారికి కేంద్రం ఇచ్చే నిరుద్యోగ భృతిలో 10 శాతానికి పైగా కోత పడింది. వీళ్ల కోసం వారంలో ఏ చట్టమూ రాలేదు. ఆ బడులకు నిధులు మళ్లీ పెరిగింది 2014 జనవరిలో.

కోత ఒకటే. ఎయిర్‌పోర్టులో క్యూ కట్టినవాడి బాధ టీవీలో కనిపించింది. బడి గేటు దగ్గర నిలబడిన తల్లి బాధ కనిపించలేదు.

జీతం తిరిగొచ్చినవాళ్లు, రానివాళ్లు

రుణ పరిమితి వేరు, షట్‌డౌన్ వేరు. చేసిన ఖర్చుకు అప్పు తేనివ్వకపోవడం మొదటిది. కొత్త ఖర్చుకు అసలు అనుమతే ఇవ్వకపోవడం రెండోది. అనుమతి లేకపోతే ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి. 2013 అక్టోబరులో ఈ రెండు గొడవలూ ఒకేసారి వచ్చి 16 రోజులు మూశారు. 2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 వరకు, సరిహద్దు గోడ నిధుల కోసం 35 రోజులు నడిచింది. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులకు జీతాలు ఆగాయి. వారిలో సగానికి పైగా జీతం లేకుండానే డ్యూటీ చేశారు. ఎయిర్‌పోర్టుల్లో మన బ్యాగులు తనిఖీ చేసేలాంటి సిబ్బంది ఉచిత భోజనాల దగ్గర వరస కట్టారు.

వాళ్లకు తర్వాత పాత జీతమంతా వచ్చింది. ఇకపై షట్‌డౌన్ వస్తే జీతాలు ఆనక కట్టి తీరాలని 2019 జనవరిలో చట్టం కూడా చేశారు. అయితే అవే భవనాల్లో తుడిచేవాళ్లు, గేటు కాసేవాళ్లు, క్యాంటీన్‌లో వండేవాళ్లు సర్కారు ఉద్యోగులు కారు. కాంట్రాక్టు కంపెనీల మనుషులు. మూతపడిన రోజులకు వాళ్లకు డాలరు కూడా రాలేదు. వాళ్లకూ ఇవ్వాలని బిల్లులు పెట్టారు కానీ అవి చట్టం కాలేదు. 2025లో అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు మళ్లీ మూసినప్పుడూ ఇదే తేడా. దాదాపు 4.2 కోట్ల మంది ఆధారపడే ఆహార సాయం కూడా ఆ నవంబరులో చాలా రాష్ట్రాల్లో ఆలస్యమైంది.

ఈ తేడా మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. మెయిన్ కంపెనీ మనిషికీ, సప్లై కంపెనీ మనిషికీ ఒకే సైటులో, ఒకే ఎండలో తేడా ఎంతో మనం రోజూ చూస్తున్నాం. బిల్లు పై నుంచి కిందికి మెట్టుమెట్టుగా దిగుతుంది. ఆగితే మాత్రం ముందు ఎండేది కింది మెట్టే.

పరిమితి పెంచేటప్పుడు చాలాసార్లు దానికి బదులుగా ఏదో ఒకటి అడిగారు. 2023 ఒప్పందంలో, పిల్లలు లేని పెద్దవాళ్లు ఆహార సాయం పొందాలంటే పని చూపించాలన్న షరతును 49 ఏళ్ల నుంచి 54 ఏళ్ల దాకా పెంచారు. 2025 జులై 4 నాటి చట్టం పరిమితిని 5 లక్షల కోట్ల డాలర్లు పెంచి 41.1 లక్షల కోట్లు చేసింది. అదే చట్టం ఆ వయసును 64కు చేర్చింది, పేదల వైద్య సాయంలో కోతలు పెట్టింది. దానివల్ల 2034 నాటికి మరో కోటి మంది ఆరోగ్య బీమా లేనివారవుతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. అదే చట్టంలో పన్నుల తగ్గింపులూ ఉన్నాయి. అప్పు ఎక్కువైందని అరిచిన గొంతులు ఆ పద్దు దగ్గర తగ్గాయి.

మన జేబుకు ఏం సంబంధం?

సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గర, యూఏఈ దిర్హామ్ 1997 నుంచి 3.67 దగ్గర కట్టేసి ఉన్నాయి. ఖతర్, బహ్రెయిన్, ఒమన్ కరెన్సీలూ డాలరుతోనే ముడిపడినవే. కువైట్ దినార్ ఒక్కటే 2007 నుంచి కొన్ని కరెన్సీల గుత్తితో నడుస్తోంది. కాబట్టి మన జీతం ఏ పేరుతో వచ్చినా, రూపాయిల్లోకి మారేటప్పుడు దాదాపు డాలరు జీతమే.

2011 జులై చివర్లో డాలరు సుమారు 44 రూపాయలు. డిసెంబరుకు 53 దాకా పోయింది. యూరప్ అప్పుల సంక్షోభం, మన దేశపు లోటు అందుకు పెద్ద కారణాలు. అమెరికా గొడవ కూడా ఆ భయానికి తోడైంది. విచిత్రమేమిటంటే, అమెరికా చేసిన పనికి భయపడినవాళ్లు కూడా దాచుకోవడానికి డాలరునే వెతుక్కున్నారు. 12 రూపాయల దిర్హామ్ 14 దాటింది. వడ్డీకి తెచ్చి వీసా కొన్నవాళ్లకు కిస్తులు కాస్త తేలికయ్యాయి. అయితే రూపాయి పడితే దిగుమతి నూనె, డీజిల్ ఇంటిదగ్గర ప్రియమవుతాయి. ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోతుంది.

పొదుపు కత్తి నేరుగా క్యాంపుల మీద పడిన రోజులు కూడా మనం చూశాం. 2014 మధ్యలో 110 డాలర్లు దాటి ఉన్న పీపా చమురు 2016 జనవరిలో 30 కంటే కిందికి పడిపోయింది. 2015లో సౌదీ బడ్జెట్ లోటు 36,700 కోట్ల రియాళ్లు. సర్కారు ఖర్చు బిగించింది, నిర్మాణ కంపెనీల బిల్లులు ఆగాయి. అక్కడ సభ లేదు, పార్టీల పంతం లేదు, కానీ మెట్లు మాత్రం అవే. జీతాలు నెలల తరబడి నిలిచాయి. 2016 జులైలో జెద్దాలో మనవాళ్లు మెస్ మూతపడి తిండికి కటకటలాడారు. 10 వేల మందికి పైగా భారతీయులు ఇక్కట్లలో ఉన్నారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ స్వయంగా చెప్పారు. కాన్సులేట్ సరుకులు పంచింది. సహాయ మంత్రి వి.కె.సింగ్ అక్కడికి వెళ్లారు. ఆ ఏడాది చివర్లో సౌదీ ప్రభుత్వం కంపెనీల బకాయిలు కడతామని ప్రకటించింది. అప్పటికే ఎంతోమంది ఉత్త చేతులతో ఇల్లు చేరారు.

వాషింగ్టన్‌లో క్యాంటీన్ వంటమనిషి, జెద్దాలో మన తాపీ మేస్త్రీ ఒకరినొకరు ఎరగరు. అప్పు ఎంత తేవాలో, ఎక్కడ కోయాలో వాళ్లను ఎవరూ అడగలేదు. కానీ ఇద్దరూ కట్టారు. అప్పిచ్చినవాళ్ల వడ్డీ ఆగకూడదని లోకమంతా హైరానా పడుతుంది. వంటమనిషి కూలి ఆగితే అది వార్త కూడా కాదు.

మిత్రులారా, అమెరికా పరిమితి మళ్లీ నిండుతుంది, టీవీలో మళ్లీ అదే గోల మొదలవుతుంది. అప్పుడు డాలరు రేటు ఒక్కటే చూడకండి. సర్కారు ఎక్కడ పొదుపు అంటుందో, ఆ పొదుపు ఏ మెట్టు మీద పడుతుందో చూడండి. మీ కాంట్రాక్టు కాగితం, జీతం స్లిప్పులు, ఓవర్‌టైం లెక్క జాగ్రత్తగా దాచుకోండి. జీతం ఆలస్యమైతే వచ్చే నెల చూద్దామని నెలలు గడపకుండా, రూంలోవాళ్లంతా కలిసి లేబర్ కార్యాలయానికో, ఎంబసీకో ముందుగానే చెప్పండి. ఎయిర్‌పోర్టు క్యూ వారంలో కదిలింది, అందరికీ కనిపించింది కాబట్టి. మన క్యూ కూడా కనపడాలి.