కారు నిలుపు తావుల లెక్క

1935 సంవత్సరము జూలై 16 వ తేదీన అమెరికాలోని ఓక్లహోమా నగరములో, వీధి ప్రక్కనొక స్తంభముపై చిన్న యంత్రము వెలసినది. అయిదు సెంట్ల నాణెము వేసినచో లోపలి గడియారము నడచి, గంటసేపు కారు నిలుపుకొనుటకు హక్కు లభించెడిది. దుకాణములలో పనిచేయువారు ఉదయమున నిలిపిన కార్లను సాయంత్రము వఱకు కదల్పకుండుటచే, సరకులు కొనవచ్చువారికి చోటు దొరకకుండెను. దీనికి విరుగుడు నూహించినవాడు కార్ల్ మాగీ అను పత్రికా సంపాదకుడు. యంత్రమును రూపొందించినవారు థూసెన్, హేల్ అను ఇంజనీర్లు.

ఆ మీటరుకు కాలము తెలియును గాని కారు తెలియదు. కారు వెళ్ళిపోయినను ముల్లు నడచుచునే యుండును. యంత్రము చెడినచో, మనిషి వచ్చి చూచువఱకు ఆ సంగతి ఎవరికిని తెలియదు. 1954 లో విలియం విక్రీ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు, ఖాళీలు తగ్గినకొలది రుసుము పెరుగునట్లు మీటర్లను ఏర్పరచవలెనని సూచించెను. అందుకు ఒక్కొక్క మీటరుకు ప్రక్క తావుల సంగతి తెలియవలెను గదా! ఆ సూచన చాలకాలము కాగితముపైననే నిలిచినది. విక్రీకి 1996 లో నోబెల్ బహుమానము లభించినది గాని, అది వేఱు కృషికి.

కారును గుర్తించు ఉపాయము మాత్రము చాల సులువైనది. రోడ్డులో సన్నని గాడి కోసి, అందులో తీగను కొన్ని చుట్లు చుట్టి, ఏకాంతర విద్యుత్తును పంపుదురు. కారు పైకి రాగానే దాని లోహములో సుడి ప్రవాహములు పుట్టి, తీగచుట్ట ప్రేరకత్వము తగ్గును. ఆ మార్పును పరికరము పసిగట్టును. ఒకదాని వెంట నొకటిగా రెండు చుట్టలున్నచో, ఏది ముందు స్పందించినదో చూచి, కారు లోపలికి పోయినదో వెలుపలికి వచ్చినదో చెప్పవచ్చును. జర్మనీలోని ఆఖెన్ నగరము 1971 లోనే కారుశాలలలోని ఖాళీలను లెక్కించి, రోడ్ల ప్రక్కల పలకలపై చూపసాగెను.

అయితే లెక్కలో చిన్న తప్పు పేరుకొనును. దినమునకు 2,000 కార్లు వచ్చు శాలలో, వేయింటికొకటి తప్పినను, తప్పులన్నియు ఒకేవైపు పడినచో నెలకు 60 కార్ల తేడా వచ్చును! ఖాళీ లేని శాల ఖాళీగా కనిపించును. కావున అప్పుడప్పుడు మనిషి పోయి సరిచూడక తప్పదు.

తరువాత గేటు, టిక్కెట్టు యంత్రము, రుసుము పెట్టె అన్నియు తీగలతో ఒక గదికి, ఆపై ఇంటర్నెట్టు ద్వారా వేఱొక ఊరికి కలిసినవి. కాగితము అయిపోవుచున్నదనియు, గేటు కడ్డీ ఇరుక్కొన్నదనియు ఆ యంత్రములే కబురు పంపును. వెనుక పది కార్లు నిలిచియున్నప్పుడు ఇరుక్కొన్న కడ్డీ ఎంత కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాని ఇందొక చిక్కున్నది. పూర్వపు అయస్కాంతపు పట్టీ టిక్కెట్టు, కారు వచ్చిన వేళను తనలోనే మోసికొని తిరిగెడిది. కొన్ని కొత్త ఏర్పాటులలో టిక్కెట్టుపై ఒక సంఖ్య మాత్రమే యుండును. వివరములు దూరపు కంప్యూటరులో నుండును. తీగ తెగినచో ఆ సంఖ్యకు అర్థము లేదు. ఈ విషయములో పాత టిక్కెట్టే గట్టిది. అందుచే మంచి ఏర్పాటులో గేటుకు కొంత సొంత జ్ఞాపకముంచి, తెగిన సంబంధము కలిసిన పిదప లెక్క ఒప్పచెప్పునట్లు చేయుదురు.

విక్రీ ఊహను 2011 లో శాన్ ఫ్రాన్సిస్కో నగరము పెద్ద యెత్తున ఆచరణలో పెట్టెను. రోడ్డులో పొదిగిన పరికరములు, కారు ఉక్కుచేత భూ అయస్కాంత క్షేత్రమున కలుగు మార్పును గుర్తించి, ఏ తావు నిండినదో తెలిపెడివి. ఆ లెక్కను బట్టి వీధి వీధికి, వేళ వేళకు రుసుము మార్చిరి. గంటకు కొన్ని తావులలో 25 సెంట్లు మాత్రమే. అయితే ఆ పరికరముల బ్యాటరీలు ఎల్లకాలము నిలువలేదు; 2013 చివర వాటిని ఆపివేసిరి. అటుపిమ్మట నగరమువారు మీటర్లలో చెల్లిన డబ్బును బట్టియే, ఎన్ని తావులు నిండియుండునో అంచనా కట్టసాగిరి.