పెద్దల పుట్టినరోజు: తిథి, తేదీ, అరవై

రుసైల్‌లో గురువారం రాత్రి వచ్చిందంటే మనవాళ్లలో ఎవరో ఒకరి ఇంట పుట్టినరోజు తప్పదు. పిల్లలదైతే సరే, ఇప్పుడు నలభైయేళ్ల గృహస్థుకు కూడా కేకూ కొవ్వొత్తులూ వచ్చాయి. మంగళవారం నాటి తేదీ సెలవు చూసుకొని గురువారానికి జరుగుతుంది. ఆమధ్య ఒక విందులో ఒక పెద్దాయన "ఇది నీ పుట్టినరోజా, సర్టిఫికెట్టుదా?" అని అడిగితే అందరమూ నవ్వాము. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, అది నవ్వి వదలవలసిన ప్రశ్న కాదనిపించింది.

మన పూర్వులకు పుట్టినరోజంటే తేదీ కాదు, తిథి. ఆనాడు తలంటి పోసుకొని, కొత్తబట్ట కట్టుకొని, మార్కండేయుణ్ణీ ఏడుగురు చిరంజీవులనూ తలచుకొని, నువ్వులూ బెల్లమూ కలిపిన పాలు పుచ్చుకోవడం శాస్త్రం చెప్పిన పద్ధతి. చాలా ఇళ్లలో ఇది చిన్నతనంతోనే ఆగిపోయేది. పెళ్లయిన మగవాడి పుట్టినరోజు తల్లికి గుర్తుంటే పాయసం, లేకుంటే మామూలు రోజే. ఇల్లాలి సంగతి చెప్పనే అక్కరలేదు.

మళ్లీ లెక్కలోకి వచ్చేది అరవైకే. ప్రభవ మొదలు అక్షయ వరకు మన సంవత్సరాల పేర్లు 60. బృహస్పతి సుమారు 12 ఏళ్లకు, శని సుమారు 30 ఏళ్లకు రాశిచక్రం చుట్టివస్తారు. కనుక 60 ఏళ్లకు ఇద్దరూ దాదాపు మొదటి చోటికి చేరతారు. పుట్టిన సంవత్సరం అదే పేరుతో తిరిగి వచ్చినప్పుడు షష్టిపూర్తి. ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం. వెయ్యి పున్నములకు లెక్క వేస్తే 80 ఏళ్ల 10 నెలలు అవుతుంది. ఈ వేడుకలు తనకు తాను చేసుకొనేవి కావు, పిల్లలు పూనుకొని చేసేవి. అందులో పెద్దలు పుచ్చుకొనేదానికన్నా దానమిచ్చేదే ఎక్కువ.

ఏటేటా పుట్టినరోజు చేసుకొన్న పెద్దలు రాజులు. మొగలాయి దర్బారులో ఏడాదికొక ముడి వేసేవారు. ఉర్దూలో పుట్టినరోజుకు 'సాల్‌గిరా' అని పేరు, అంటే ఏటి ముడి. అక్బరు పాదుషా సౌరమానం ప్రకారం ఒకమారు, చాంద్రమానం ప్రకారం ఒకమారు, ఏటా రెండుసార్లు తులాభారం తూగేవాడు. ఆ సొమ్ము దానాలకు పోయేది. 1591లో హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తన పుట్టినరోజు మీద దక్కనీలో తానే కవితలు రాసుకొన్నాడు.

సామాన్యుడికి తేదీ పెట్టింది మాత్రం బడి. అంతవరకు వయసు అంటే "మూసీ వరదొచ్చిన ఏడు", "గాంధీగారు పోయిన ఏడు" అని చెప్పడమే. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. ఆ తరువాత కూడా పల్లెల్లో బడిలో చేర్చేనాడు హెడ్మాస్టరుగారు ఐదేళ్లు నిండేటట్టు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవారు. అదే పాస్‌పోర్టుకెక్కి సముద్రం దాటింది. ఇక్కడ మేము రోగిని వయసు అడిగితే "కార్డులోదా, నిజందా డాక్టరుగారూ?" అని ఎదురడిగేవారున్నారు.

మనం వచ్చి చేరిన ఈ దేశంలో ఒక పెద్దమనిషి పుట్టినరోజే చాలాకాలం దేశానికి పండుగ. సుల్తాన్ ఖాబూస్ 1940 నవంబరు 18న సలాలాలో పుట్టారు, 1970 జూలై 23న గద్దెనెక్కారు. నవంబరు 18 జాతీయదినమైంది. ఆయన 2020 జనవరిలో కన్నుమూశాక కూడా 2024 వరకు అదే సాగింది. అల్ బుసైద్ వంశపాలన 1744లో మొదలైన దానికి గుర్తుగా 2025లో జాతీయదినం నవంబరు 20కి మారింది.

మనవంటి విదేశీయులకు ఇక్కడ మరో పుట్టినరోజు ముఖ్యం. అదీ అరవయ్యే. 60 దాటిన విదేశీయులకు పని పర్మిట్లు ఇవ్వకూడదన్న నిబంధనను 2022లో ఎత్తివేశారు. అంతకుముందు ఎంతోమందికి ఆ ఏడు షష్టిపూర్తి ముహూర్తం కాదు, సామాను సర్దుకొనే ముహూర్తం. హెడ్మాస్టరుగారు ఒక ఏడు ముందుకు వేసి ఉంటే, ఆ ఏడాది సంపాదన పోయినట్టే.

ఈ తేడా మా ఇంట్లోనూ బయటపడింది. మా నాన్నగారి షష్టిపూర్తికని పాస్‌పోర్టు తేదీ చూసి 2024లో సెలవుకు దరఖాస్తు పెట్టి ఫోను చేశాము. ఆయన నవ్వి "నేను పుట్టింది విశ్వావసురా, ఇంకా ఏడాది ఉంది. అరవై నిండాయని ఉద్యోగం వాళ్లు ముందే పంపేశారు, నువ్వూ తొందరపడకు" అన్నారు. 1965 ఉగాదితో వచ్చిన విశ్వావసు మళ్లీ 2025 ఉగాదికి వచ్చింది. శ్రావణంలో ఆ తిథికి సెలవు కుదుర్చుకొని వెళ్లి వచ్చాము. అమ్మ మెడలో ఆయన మళ్లీ తాళి కడుతుంటే పక్కన నిలబడ్డాము.

మన కేకు మనం కోసుకోవడంలో తప్పేమీ లేదు. కాని మన వయసువాళ్ల తలిదండ్రులు చాలామంది ఇప్పుడు అరవై దగ్గర ఉన్నారు. వచ్చే గురువారం ఫోనులో వారి తేదీ కాదు, సంవత్సరం పేరూ మాసమూ తిథీ అడిగి రాసిపెట్టుకొందాము. సెలవు కాగితం ఆ తరువాత పెట్టవచ్చు.