హామ్ రేడియో బాహ్య స్పీకరు

హామ్ రేడియో బాహ్య స్పీకరు అనగా హామ్ రేడియో సెట్టుకు తీగ ద్వారా వెలుపల కలిపే స్పీకరు. సెట్టు లోపల అమర్చిన చిన్న స్పీకరుకు బదులుగా దీనిని వాడతారు. సంగీతాన్ని ఇంపుగా వినిపించడం దీని ఉద్దేశం కాదు. రొద నడుమ వచ్చే బలహీనమైన మాటను అర్థమయ్యేటట్లు వినిపించడమే దీని ముఖ్య ప్రయోజనం.

అవసరం

సెట్టులోని స్పీకరు సాధారణంగా చిన్నదిగా ఉండి, పైమూతకు గాని అడుగు భాగానికి గాని అమర్చబడి ఉంటుంది. అందువలన ధ్వని వినేవారి వైపు కాక పైకప్పు వైపు లేదా బల్ల వైపు వెళుతుంది. లోహపు పెట్టె కంపించడం వలన కూడా మాట చెదురుతుంది. బాహ్య స్పీకరును వినేవారికి ఎదురుగా ఉంచుకోవచ్చును.

విపత్తు సమయాలలో ఈ తేడా కీలకమవుతుంది. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని తాకిన తుఫానులో వెయ్యి మందికి పైగా మరణించారు. విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు దెబ్బతిన్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ బృందం హామ్ రేడియో ద్వారా సమాచారాన్ని బయటకు చేరవేసింది. ఇటువంటి సందేశాలలో ఊళ్ళ పేర్లు, అంకెలు ఎక్కువగా ఉంటాయి. ఉదాహరణకు కోనసీమలోని ఆలమూరు మండలంలో పెదపళ్ళ, పినపళ్ళ అనే రెండు గ్రామాలు ఉన్నాయి. వీటి మధ్య తేడా మొదటి రెండు అక్షరాలలోనే ఉంది. స్పీకరు వాటిని మసకబారిస్తే సహాయం ఒక ఊరికి బదులు మరొక ఊరికి వెళ్ళే ప్రమాదం ఉంటుంది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

పౌనఃపున్యం: రేడియోలో మాటకు సుమారు 300 నుండి 3,000 హెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలు చాలును. మోర్సు సంకేతాలను సాధారణంగా 600 నుండి 800 హెర్ట్జ్ స్వరంగా వింటారు. ఈ పరిధిలో సమంగా పలికే 3 నుండి 5 అంగుళాల స్పీకరు అనువైనది. అచ్చులు మాటకు బిగ్గరతనాన్ని ఇస్తే, హల్లులు అర్థాన్ని నిలుపుతాయి. హల్లులను గుర్తుపట్టడానికి 1,000 హెర్ట్జ్‌కు పైనున్న భాగం చాలా ముఖ్యం. మంద్ర ధ్వనిని పెంచే పెద్ద స్పీకరులో విద్యుత్తు హోరు కలిసి మాట మసకబారుతుంది. తారధ్వని కొరకు ప్రత్యేక స్పీకరు ఉన్న సంగీత పెట్టెలలో బుసబుసమనే రొద ఎక్కువగా వినిపిస్తుంది.

నిరోధం: స్పీకరు నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. హామ్ సెట్లు సాధారణంగా 4 లేదా 8 ఓమ్‌ల స్పీకరుకు తయారవుతాయి. సెట్టు పుస్తకంలో సూచించిన దానికంటే తక్కువ నిరోధం గల స్పీకరును కలిపితే యాంప్లిఫయరు వేడెక్కి చెడిపోవచ్చును. ఎక్కువ నిరోధం గలది కలిపితే హాని ఉండదు గాని ధ్వని తగ్గుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు, 4 ఓమ్‌లవి రెండింటిని శ్రేణిలో కలిపితే 8 ఓమ్‌లు వస్తాయి.

సామర్థ్యం: చాలా సెట్లు 1 నుండి 3 వాట్ల ధ్వని శక్తిని మాత్రమే ఇస్తాయి. కనుక 50 లేక 100 వాట్ల స్పీకరు కొన్నంత మాత్రాన ధ్వని పెరగదు. స్పీకరు సున్నితత్వం ముఖ్యం. సున్నితత్వం 3 డెసిబెల్లులు ఎక్కువైతే, అదే ధ్వనికి సగం శక్తి సరిపోతుంది. బ్యాటరీపై నడిపేటపుడు ఇది ఉపయోగకరం.

పెట్టె: మందమైన చెక్కతో చేసి, లోపల దూది లేదా స్పాంజి ఉంచిన పెట్టె కంపనాలను తగ్గిస్తుంది. పలుచని రేకు డబ్బా మాటతో పాటు తానూ మ్రోగుతుంది.

కలిపే విధానం

సెట్టు వెనుకనుండే 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో ప్లగ్గు పెట్టగానే చాలా సెట్లలో లోపలి స్పీకరు ఆగిపోతుంది. మోనో జాక్‌లో స్టీరియో ప్లగ్గు పెట్టరాదు. సరిగా కలవకపోవచ్చును లేదా షార్టు కావచ్చును. కొన్ని సెట్లలో స్పీకరు తీగలు రెండింటిలో ఏదీ భూమికి కలిసి ఉండదు. అటువంటి వాటిలో ఒక తీగను సెట్టు లోహపు పెట్టెకు తాకిస్తే యాంప్లిఫయరు చెడిపోతుంది.

పొడవైన స్పీకరు తీగ యాంటెన్నా వలె పనిచేసి ప్రసార సమయంలో రేడియో తరంగాలను గ్రహిస్తుంది. తీగను పొట్టిగా ఉంచడం, ఫెర్రైటు వలయం గుండా కొన్ని చుట్లు తిప్పడం దీనికి నివారణ. కంప్యూటర్‌కు వాడే యాంప్లిఫయరు గల స్పీకర్లలో ఈ సమస్య ఎక్కువ. వాటి అడాప్టరు కూడా గ్రాహకంలో రొద పుట్టించవచ్చును.

తీర ప్రాంతాలలో

కోనసీమ వంటి తీర ప్రాంతాలలో గాలిలోని తేమ, ఉప్పు స్పీకరు కాగితపు శంకువును మెత్తబరుస్తాయి. జాక్‌లను త్రుప్పు పట్టిస్తాయి. అందువలన పాలీప్రొపిలీన్ శంకువు గలవి, పడవలకు తయారుచేసినవి ఎక్కువ కాలం మన్నుతాయి. విద్యుత్తు లేనపుడు కూడా పనిచేయుటకు, వేరే విద్యుత్తు అవసరం లేని సాధారణ స్పీకరు మేలు.

హెడ్‌ఫోనుతో పోలిక

అతి బలహీనమైన సంకేతాలకు, చుట్టూ గోల ఉన్న చోట్ల హెడ్‌ఫోను మెరుగైనది. అయితే సహాయ కేంద్రంలో ఒకరు వింటూ మరొకరు వ్రాసుకొనవలసి వచ్చినపుడు స్పీకరే అనుకూలం. ఇద్దరూ ఒకే సందేశాన్ని వినుట వలన పొరపాటు వెంటనే బయటపడుతుంది.

ఇవి కూడా చూడండి

హామ్ రేడియో
లౌడ్ స్పీకరు
కోనసీమ
ఆలమూరు