ఫోను ముందా, నెట్‌వర్క్ ముందా? – ఒక పద్దుల మనిషి లెక్క

రక్షణ ఖాతాల శాఖలో 37 ఏళ్ళు పనిచేసి 2020 జూన్‌లో రిటైరయ్యాను. ఆ ఉద్యోగం నాకు నేర్పిన విద్య ఒక్కటే. బిల్లు ఎంత చక్కగా టైపు చేసి ఉన్నా, కింద ఎంత పెద్ద అధికారి సంతకం ఉన్నా, సరుకు స్టోర్సుకు చేరినట్టు రశీదు జతచేయకపోతే పాసు చేయకూడదు. ఆ రశీదును మేము సీఆర్‌వీ అనేవాళ్ళం. నాకు హేతువాదం కూడా ఆ దారినే అబ్బింది. నేను బీకాం చదివినవాణ్ణి, భౌతికశాస్త్రం పెద్దగా తెలియదు. కానీ విభూతి మహిమ గురించి చెప్పినా, వాస్తు దోషం గురించి చెప్పినా నేను అడిగేది అదే: సీఆర్‌వీ ఏదీ?

ఇంత గొప్పగా చెప్పుకునే నేనే ఆ సంవత్సరం దసరా ఆఫర్లలో ఒక 5జీ ఫోను కొన్నాను. దాదాపు అవే హంగులున్న 4జీ ఫోను ఎనిమిది వేలు తక్కువకే వచ్చేది. "5జీ వచ్చేస్తోంది సార్, ఇప్పుడు 4జీ కొంటే రెండేళ్ళలో పాతదైపోతుంది" అన్నాడు షాపులో కుర్రాడు. తల ఊపి డబ్బు కట్టి వచ్చేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఎదురింటి మాస్టారు తన ఫోను వెనక ఒక స్టిక్కరు అంటించుకున్నారు. రెండు వందల రూపాయలట, రేడియేషన్‌ను పీల్చేస్తుందట! నేను ఊరుకుంటానా? పీల్చిందని ఎవరు కొలిచారు, ఏ పరికరంతో కొలిచారు అని ఒక గంటసేపు ఆయన్ని నిలదీశాను. అంతా ఓపిగ్గా విని ఆయన ఒక్క మాట అన్నారు: "అది సరే గానీ ఆడిటర్ గారూ, మీరు ఎనిమిది వేలు ఎక్కువ పెట్టి కొన్నారు కదా, ఆ 5జీ ఎక్కడుందండీ?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటికి దేశంలో 5జీ స్పెక్ట్రం వేలమే జరగలేదు. టెలికాం కంపెనీలకు ప్రయోగాత్మక పరీక్షలకు అనుమతి కూడా 2021 మే 4న గానీ రాలేదు. అంటే నేను సీఆర్‌వీ లేని బిల్లు పాసు చేశానన్నమాట. ఆ ఉక్రోషంతోనే ఈ ఫోన్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసింది, నాలాంటివాళ్ళు ప్రతి తరంలోనూ ఉన్నారని.

మొదట 2జీ సంగతి. 1991 జులై 1న ఫిన్లాండ్‌లో ఆ దేశ మాజీ ప్రధాని హారీ హోల్కెరి ప్రపంచంలో మొదటి జీఎస్‌ఎం కాల్ చేశాడు. యూరప్‌లో నెట్‌వర్క్‌లు సిద్ధమవుతున్నాయి కానీ జనం కొనడానికి ఫోన్లు లేవు. ఫోన్లను పరీక్షించి ఆమోదముద్ర వేసే ఏర్పాట్లు ఆలస్యమయ్యాయి. జీఎస్‌ఎం అనే మూడక్షరాలకు "దేవుడా, ఫోన్లు పంపించు" అని పరిశ్రమలోనే ఒక వేళాకోళపు అర్థం పుట్టింది. దేవుడు పంపలేదు లెండి. 1992 నవంబరులో నోకియా కంపెనీ 1011 అనే మోడల్ పంపింది. అంటే ఆ తరంలో నెట్‌వర్క్ ముందు, ఫోను తర్వాత.

3జీకి వచ్చేసరికి కథ ఇంకా ఖరీదైంది. 2000 సంవత్సరంలో 3జీ లైసెన్సుల కోసం బ్రిటన్‌లో కంపెనీలు దాదాపు 2,250 కోట్ల పౌండ్లు, జర్మనీలో 5,000 కోట్ల యూరోలకు పైగా కుమ్మరించాయి. 2001 అక్టోబరు 1న జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో సంస్థ 3జీ సేవ మొదలుపెట్టింది. కొత్త ఫోన్ల బ్యాటరీ త్వరగా అయిపోయేది, సిగ్నల్ అన్ని చోట్లా లేదు, జనం వెంటనే ఎగబడలేదు. 2003 మార్చిలో బ్రిటన్‌లో 3జీ ప్రారంభించిన కంపెనీకి అమ్మడానికి చాలినన్ని ఫోన్లే దొరకలేదు. లైసెన్సు అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఆదాయం మాత్రం రాదు. నాలాంటి పద్దుల మనిషికి ఆ బ్యాలెన్సు షీటు తలచుకుంటేనే గుండె దడ.

ఇక 2007. ఆపిల్ కంపెనీ మొదటి ఐఫోన్ విడుదల చేసింది. అప్పటికి జపాన్‌లో, యూరప్‌లో 3జీ నడుస్తోంది. అయినా అందులో 3జీ లేదు, పాత 2జీ నెట్‌వర్క్ మీద నడిచే ఎడ్జ్ మాత్రమే. అప్పటి 3జీ చిప్పులు బ్యాటరీని తినేస్తాయని ఆ కంపెనీ చెప్పిన కారణం. ఇక్కడ నెట్‌వర్క్ ఎదురుచూస్తోంది, ఫోను తయారీదారు వెనక్కి తగ్గాడు. మరుసటి ఏడాది ఐఫోన్ 3జీ వచ్చింది.

ఆ ఐఫోన్ 3జీ మన దేశానికి 2008 ఆగస్టు 22న వచ్చింది. ధర 31,000 రూపాయలు మొదలు. పేరులోనే 3జీ ఉంది కదా, మరి ఆ రోజున మన దేశంలో 3జీ ఉందా? లేదు! ఎంటీఎన్‌ఎల్ ఢిల్లీలో మొదలుపెట్టింది 2008 డిసెంబరులో. బీఎస్‌ఎన్‌ఎల్ 2009 ఫిబ్రవరిలో చెన్నైలో మొదలుపెట్టింది. ఆ ఫోను అమ్మిన ప్రైవేటు టెలికాం కంపెనీలకైతే 3జీ స్పెక్ట్రమే లేదు. దాని వేలం 2010 ఏప్రిల్ 9 నుంచి మే 19 దాకా నడిచింది, ప్రభుత్వానికి 67,719 కోట్ల రూపాయలు వచ్చాయి. 31,000 పోసి 3జీ అని రాసి ఉన్న పెట్టె కొన్నవాడు ఆ పేరు సార్థకం కావడానికి రెండేళ్ళకు పైగా ఆగాల్సి వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత నేను చేసింది కూడా అక్షరాలా ఇదే. ఈ సంగతి 2020లోనే చదివి ఉంటే నా ఎనిమిది వేలు మిగిలేవి.

చీటీ మీద ఉన్న మాట నిజమా కాదా అని ఒక దేశంలో కోర్టు దాకా వెళ్ళింది. 2012 మార్చిలో ఆపిల్ కొత్త ఐప్యాడ్‌ను ఆస్ట్రేలియాలో 4జీ పేరుతో అమ్మింది. అక్కడి టెల్‌స్ట్రా 4జీ నెట్‌వర్క్ 1800 మెగాహెర్ట్జ్ మీద నడుస్తోంది. ఆ ఐప్యాడ్‌లో ఉన్న 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్‌లకు సంబంధించినది. అంటే అమెరికాలో 4జీయే, ఆస్ట్రేలియాలో కాదు. అక్కడి వినియోగదారుల కమిషన్ కేసు వేసింది, కోర్టు 22.5 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.

ఇందులో మనం తెలుసుకోవాల్సిన అసలు కిటుకు ఉంది. 5జీ, 4జీ అనేవి ఒక్క వస్తువు పేర్లు కావు. ఒక్కో దేశం ఒక్కో తరంగ పట్టీని కేటాయిస్తుంది. ఫోను లోపలి రేడియో, యాంటెన్నా ఆ పట్టీకి సరిపడాలి. ఆ తర్వాత ఆ టెలికాం కంపెనీ నెట్‌వర్క్‌తో పరీక్షించి సాఫ్ట్‌వేర్‌లో తాళం తీయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా పెట్టె మీది ముద్ర అలంకారమే.

మన దగ్గర 4జీ కథ కూడా అంతే. 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కోల్‌కతాలో 4జీ మొదలుపెట్టినప్పుడు అది డాంగిళ్ళ సేవ, జనం చేతిలో ఫోన్లు లేవు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. దానికి 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదే వెళ్ళాలి, దాన్నే వోల్టీ అన్నారు. అప్పటికే 4జీ ఫోను కొనుక్కుని వోల్టీ లేనివాళ్ళు మాట్లాడాలంటే వేరే యాప్ పెట్టుకోవాల్సి వచ్చింది. అందుకే ఆ సంస్థ ఫోన్ల కోసం ఎవరినీ బతిమాలుతూ కూర్చోలేదు, లైఫ్ పేరుతో తానే ఫోన్లు అమ్మించింది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్ మీద బటన్ల జియోఫోన్ తెచ్చింది. చెట్టు ముందా విత్తు ముందా అని వాదించకుండా రెండూ ఒకే చేత్తో నాటింది. ఆరు నెలలు తిరక్కుండానే పది కోట్ల మంది చేరారు. మొదట్లో ఉచితం కూడా తోడయిందనుకోండి!

మళ్ళీ నా 5జీకి వస్తాను. మన దేశంలో మొదటి 5జీ ఫోన్లు 2020 ఫిబ్రవరిలోనే అమ్మకానికి వచ్చాయి. ఎందుకు? కంపెనీ ఒకే మోడల్‌ను పది దేశాల్లో అమ్ముతుంది, చిప్పు తయారీదారు మోడెంను చిప్పులోనే కలిపి ఇస్తాడు, పోటీ కంపెనీ పెట్టె మీద ఆ ముద్ర ఉంటే తన పెట్టె మీదా ఉండాలి. వేలం 2022 ఆగస్టు 1న ముగిసింది, మొత్తం 1,50,173 కోట్లు. అక్టోబరు 1న ప్రధాని ఢిల్లీలో సేవను ప్రారంభించారు. ఆ రోజున కూడా నా ఫోనులో 4జీ గుర్తే. చాలా ఫోన్లకు సాఫ్ట్‌వేర్ తాళం తీయలేదు. త్వరగా తీయండని ఫోను కంపెనీలకు, టెలికాం కంపెనీలకు కేంద్ర అధికారులు చెప్పాల్సి వచ్చింది. 2020 చివర్లో మన దేశంలో అమ్మిన ఐఫోన్ 12కు కూడా తాళం తీసింది 2022 డిసెంబరులోనే. నాదీ ఆ నెలలోనే తెరుచుకుంది. ఫోను ఆయుష్షు మూడేళ్ళని లెక్కవేస్తే, వాడకం మొదలయ్యేసరికి మూడింట రెండు వంతులు తరుగుదల కింద పోయింది.

సరే, ఇప్పుడు మాస్టారి స్టిక్కరు సంగతి. నాదీ రశీదు లేని బిల్లే, ఆయనదీ రశీదు లేని బిల్లే. మరి రెండూ ఒకటేనా? ఇక్కడే మన హేతువాద మిత్రులు కొంచెం ఆగి ఆలోచించాలి.

2020 అక్టోబరులోనే, అంటే నేను ఫోను కొన్న నెలలోనే, రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు ఆవు పేడతో చేసిన చిప్పు ఒకటి విడుదల చేసి అది మొబైల్ రేడియేషన్ తగ్గిస్తుందని చెప్పారు. పరీక్ష ఎక్కడ చేశారు, ఫలితాలు ఎక్కడ అచ్చయ్యాయి అని వందలాది శాస్త్రవేత్తలు ఆయనకు లేఖ రాశారు. మరోపక్క బ్రిటన్‌లో 5జీ వల్లే కరోనా వస్తోందని 2020 ఏప్రిల్‌లో జనం టవర్లు తగలబెట్టారు. మన దగ్గర రెండో వేవ్‌లో ఇదే పుకారు పాకితే, 5జీకీ కోవిడ్‌కూ సంబంధం లేదని 2021 మే 10న టెలికాం శాఖ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. మా కాలనీలో ఆ మెసేజిని నాకు పంపినవాళ్ళు అదే టవర్ మీదుగా పంపారు!

దీన్ని కొట్టివేయడానికి భౌతికశాస్త్రం కూడా అక్కర్లేదు, తారీఖులు చాలు. కోవిడ్ మన దేశంలోకి వచ్చింది 2020 జనవరిలో. 5జీ సేవ వచ్చింది 2022 అక్టోబరులో. రెండున్నరేళ్ళు ముందొచ్చిన జబ్బుకు తర్వాత వచ్చిన టవర్ కారణమెలా అవుతుంది? శాస్త్రం కావాలంటే అదీ ఉంది. మన 5జీ ప్రధానంగా నడిచే 3.5 గిగాహెర్ట్జ్ తరంగం కన్నా కంటికి కనిపించే వెలుతురు తరచుదనం లక్ష రెట్లకు పైగా ఎక్కువ. టార్చిలైటుకు లేని అణువుల్ని చీల్చే శక్తి టవర్‌కు ఎక్కడినుంచి వస్తుంది? ఇక వేడి సంగతంటారా, అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే మన దేశం 2012 సెప్టెంబరు నుంచి హద్దుగా పెట్టుకుంది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే వర్గంలో పెట్టిన మాట నిజమే, దాచనక్కర్లేదు. ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఆ వర్గంలోనే ఉన్నాయి. "రుజువు చాలదు, చూస్తూ ఉండాలి" అని దానర్థం.

కాబట్టి నా లెక్క ఇది. పెట్టె మీది 5జీ ముద్ర అడ్వాన్సు లాంటిది. సరుకు ఆలస్యంగా వచ్చింది, నేను నష్టపోయాను, కానీ వచ్చింది, కొలవగలను. పేడ చిప్పు, స్టిక్కరు దొంగ బిల్లు లాంటివి. సరుకు ఎప్పటికీ రాదు, ఎందుకంటే సరుకే లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "అంతా కంపెనీల మోసం" అనేవాడు రేపు టీకాను కూడా ఆ గాటనే కడతాడు. అలాగని అడ్వాన్సును కళ్ళు మూసుకుని ఇచ్చినవాడు, శాస్త్రం పేరుతో ఇచ్చాను కదా అని తప్పించుకోలేడు. సైన్సు మాటలు చెప్పి అమ్మిన సరుకైతే ప్రశ్నించనక్కర్లేదనే నమ్మకం కూడా నమ్మకమే. మాస్టారికి పోయింది రెండు వందలు, నాకు పోయింది ఎనిమిది వేలు.

2030 ప్రాంతంలో 6జీ వస్తుందంటున్నారు. అంతకన్నా ముందే 6జీ ముద్రతో పెట్టెలు వస్తాయి, నాకు అనుమానం లేదు. అప్పుడు మీరు షాపులో మూడు ప్రశ్నలు అడగండి. మన దేశంలో స్పెక్ట్రం వేలం అయిందా? ఈ ఫోనులో మన పట్టీలు ఉన్నాయా? నా ఊళ్ళో, నా కంపెనీ సిమ్ మీద, ఇవాళ పనిచేస్తుందా? మూడింటికీ అవునంటే డబ్బు కట్టండి. లేదంటే, ఆ ఎక్కువ డబ్బు మీ జేబులోనే రెండేళ్ళు భద్రంగా ఉంటుంది.

2022 డిసెంబరులో 5జీ గుర్తు కనపడగానే ఎదురింటికి వెళ్ళి మాస్టారికి చూపించాను. "మీ ప్రశ్నకు రశీదు వచ్చిందండీ, కాస్త ఆలస్యమైంది" అన్నాను. ఆయన నవ్వి కాఫీ ఇప్పించారు. ఆయన ఫోను మీద స్టిక్కరు అలాగే ఉంది. దాని రశీదు ఎప్పుడొస్తుందని నేనూ ఓపిగ్గానే అడుగుతున్నాను.