హంగ్రీ తరం కరపత్రాలను కాపాడిన గ్రంథాలయం

కోల్‌కతా: 1960వ దశకంలో బెంగాలీ సాహిత్యాన్ని, చిత్రకళను కుదిపివేసిన ‘హంగ్రీ జనరేషన్’ ఉద్యమ ప్రచురణలకు, దానిపై నడిచిన కేసు పత్రాలకు ప్రత్యేక విభాగం ఉన్న గ్రంథాలయం కాలేజ్ స్ట్రీట్ సమీపంలోని టేమర్ లేన్‌లో ఏర్పాటైంది. అదే సందీప్ దత్తా తన ఇంట్లో స్థాపించిన ‘కలికాతా లిటిల్ మ్యాగజైన్ లైబ్రరీ, పరిశోధన కేంద్రం’.

మలయ్ రాయ్‌చౌధురి, ఆయన అన్న సమీర్, శక్తి చట్టోపాధ్యాయ్, దేవీ రాయ్ 1961 నవంబరులో పట్నా నుంచి ఈ ఉద్యమాన్ని ప్రారంభించారు. అక్కడ బెంగాలీ ముద్రణకు వీలు లేనందున తొలి ప్రకటన ఇంగ్లీషులో వెలువడింది. అనంతరం ఒంటి కాగితపు కరపత్రాలను కోల్‌కతా కాఫీ హౌస్‌లో పంచేవారు. అనిల్ కరంజాయ్, కరుణానిధాన్ ముఖోపాధ్యాయ్ వంటి చిత్రకారులూ ఇందులో చేరారు. ముసుగు తీయండి అంటూ అధికారులకు, ప్రముఖులకు కాగితపు ముఖాలు పంపడం సంచలనం సృష్టించింది.

1964 సెప్టెంబరులో పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. అశ్లీల కవిత రాశారన్న అభియోగంపై మలయ్‌కు 1965 డిసెంబరులో దిగువ న్యాయస్థానం రూ.200 జరిమానా విధించింది. 1967లో కలకత్తా హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. అదే కాలంలో, 1965 మేలో, హైదరాబాద్‌లో దిగంబర కవుల తొలి సంపుటిని రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు ఆవిష్కరించారు.

ఇటువంటి ఉద్యమాల రచనలు ఎక్కువగా చిన్న పత్రికల్లో, కరపత్రాల్లో వెలువడతాయి. ప్రతులు కొద్ది, కాగితం నాసి, పత్రిక ఆయుష్షు స్వల్పం కావడంతో అవి త్వరగా కనుమరుగవుతాయి. జాతీయ గ్రంథాలయంలో చిన్న పత్రికల కట్టలు పారవేతకు సిద్ధంగా ఉండడం చూసి కలత చెందిన సందీప్ దత్తా, నిరసనగా 1972 సెప్టెంబరులో తన ఇంట్లోనే చిన్న పత్రికల ప్రదర్శన ఏర్పాటు చేశారు. ఆ ప్రదర్శనే 1978 జూన్ 23న గ్రంథాలయ స్థాపనకు దారితీసింది. ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ, ప్రధానంగా సొంత సంపాదనతోనే ఆయన దానిని నడిపారు.

సందీప్ దత్తా 2023 మార్చిలో, మలయ్ రాయ్‌చౌధురి అదే ఏడాది అక్టోబరులో కన్నుమూశారు. ఉద్యమాన్ని నడిపినవారు ఒక్కొక్కరే కనుమరుగవుతున్న వేళ, ఆ చరిత్రకు మూలాధారాలుగా మిగిలేవి ఈ పెళుసు కాగితాలే. ఒకప్పుడు కాఫీ బల్లలపై చేతులు మారిన కరపత్రాలు నేడు పరిశోధకులకు అందుబాటులో ఉండడానికి ఒక ఉపాధ్యాయుడి పట్టుదల కారణమైంది.